అన్ని ముక్కు దిబ్బడలూ ఒకటి కావు

అమెరికాలో ‘సైనస్ తలనొప్పి’తో బాధపడుతున్నామనే 2,991 మందిని ఎంచుకుని పరిశోధకులు ఒక్కొక్కరి తలనొప్పి తీరు వివరంగా రాబట్టారు. వాళ్లలో కొందరు తమ జబ్బుకు తామే ఆ పేరు పెట్టుకున్నారు, కొందరికి డాక్టర్లే అలా చెప్పి పంపారు. ఇన్ఫెక్షన్ ఆనవాళ్లు ఉన్నవాళ్లను ముందే పక్కన పెట్టి, అప్పటిదాకా మైగ్రేన్ అని ఎవరూ నిర్ధారించనివాళ్లనే తీసుకున్నారు. 2004లో ఫలితం అచ్చయింది. వాళ్లలో 88 శాతం మందిది మైగ్రేన్ కోవకు చెందిన తలనొప్పి.

తెలుగు ఇళ్లలోనూ సైనస్ అన్న పేరు చాలా తేలిగ్గా అతుక్కుంటుంది. తలస్నానం చేసిన సాయంత్రం కణతలు లాగినా, ఏసీ బస్సు దిగగానే తుమ్ములు మొదలైనా, ఎండన పడి వచ్చి నుదురు పట్టేసినా ‘నాకు సైనస్ ఉందండీ’ అనే ఒక్క ముక్కతో విచారణ ముగిసిపోతుంది. ఆ ముక్క వెనక మామూలు జలుబు ఉండొచ్చు, ఎలర్జీ ఉండొచ్చు, పుచ్చిన పన్ను ఉండొచ్చు, ముక్కులో పెరిగిన కండ ఉండొచ్చు, అరుదుగానైనా ప్రాణం తీసే ఫంగస్ ఉండొచ్చు. ఒక్కోదానికి మందు వేరు, తొందర వేరు. సుశ్రుత సంహిత ఉత్తరతంత్రం ముక్కు జబ్బుల్ని 31గా విడదీసి చెప్పింది. ఆ పాత వర్గీకరణ ఈనాటి వైద్యానికి సరిపోకపోవచ్చు కానీ, అన్నింటినీ ఒకే గాటన కట్టకూడదన్న జాగ్రత్త మాత్రం అందులో ఉంది.

జబ్బును గుర్తుపట్టడానికి జనం ఎక్కువగా నమ్ముకునేవి రెండు: నొప్పి, చీమిడి రంగు. ఆ రెండూ తరచుగా దారి తప్పించేవే. అసలు విషయం చెప్పేవి వేరే ఉన్నాయి. బాధ మొదలై ఎన్నాళ్లయింది? రెండు వైపులా ఉందా, ఒక వైపేనా? దాని వెంట ఇంకేం వచ్చాయి? ఈ మూడింటికీ జవాబు రోగి దగ్గరే ఉంటుంది, ఏ స్కానూ అక్కర్లేదు.

ముందు మైగ్రేన్ సంగతి. ముఖానికి, ముక్కుకు, తలలోని పొరలకు స్పర్శను, నొప్పిని మోసే నరం ఒకటే. మైగ్రేన్‌లో ఆ నరం రేగినప్పుడు ముక్కులోని రక్తనాళాలు ఉబ్బుతాయి, ముక్కు దిబ్బడ వేస్తుంది, నీరు కారుతుంది, కళ్లు చెమరుస్తాయి. నొప్పి కూడా సరిగ్గా కనుబొమల మధ్య, బుగ్గ ఎముక మీద కూర్చుంటుంది. వాతావరణం మారితే రావడం, వంగితే ఎక్కువ కావడం మైగ్రేన్‌లోనూ ఉన్నాయి. ఇన్ని పోలికలున్నాక పొరబడటం వింతేమీ కాదు. తేడా వేరే చోట దొరుకుతుంది. మైగ్రేన్ కొన్ని గంటలుండి పోతుంది, మహా అయితే మూడు రోజులు. మళ్లీ ఎప్పుడో వస్తుంది. వచ్చినప్పుడు వెలుతురు, చప్పుడు భరించలేరు, కడుపులో తిప్పుతుంది, పని వదిలేసి చీకటి గదిలో పడుకోవాలనిపిస్తుంది. కారే నీరు పల్చగా ఉంటుంది, వాసన తెలియడం పోదు. ఏళ్ల తరబడి నెలకు రెండుసార్లు ‘సైనస్’ వచ్చి, ప్రతిసారీ యాంటీబయాటిక్ కోర్సు వాడి, ‘మూడో రోజుకి తగ్గిందండీ’ అని చెప్పేవాళ్లున్నారు. మూడో రోజుకి తగ్గడం ఆ తలనొప్పి స్వభావం, మాత్ర మహిమ కాదు.

యూరప్ నిపుణులు 2020లో సవరించిన మార్గదర్శకాల్లో సైనసైటిస్ అనడానికి పెట్టిన షరతు ఇక్కడ పనికొస్తుంది. ముక్కు దిబ్బడ, లేదా ముక్కులోంచి (గొంతులోకి జారినా సరే) స్రావం, ఈ రెండింటిలో కనీసం ఒకటి ఉండి తీరాలి. దానికి తోడు ముఖంలో నొప్పి లేదా బరువు, వాసన తగ్గడం లాంటి ఇంకో లక్షణం ఉండాలి. ముక్కు శుభ్రంగా ఉండి తల మాత్రమే నొస్తుంటే ఆ పేరు పెట్టకూడదు. వాళ్లు సైనస్ వాపునూ ముక్కు వాపునూ కలిపి ఒకే పేరుతో పిలుస్తారు. ముక్కులో పొర, సైనస్‌ల లోపలి పొర ఒకటే కాబట్టి ఒకటి వాచకుండా రెండోది వాయడం అరుదు.

ముఖం ఎముకల్లో గాలితో నిండిన గదులు నాలుగు జతలుంటాయి: బుగ్గల వెనక, నుదుటిలో, రెండు కళ్ల మధ్య, ముక్కు వెనక లోతుగా పుర్రె అడుగున. వాటి గోడల మీద పొర తేమను ఊరిస్తూ ఉంటుంది. దాని మీద కంటికి కనిపించనంత సన్నని నూగు ఆగకుండా ఊగుతూ ఆ జిగురును ద్వారం వైపు నెడుతుంది. ముక్కు, సైనస్‌లు కలిసి రోజుకు దాదాపు అర లీటరు నుంచి లీటరు దాకా స్రావం తయారు చేస్తాయి. అందులో ఎక్కువ భాగం మనకు తెలియకుండానే గొంతులోకి జారిపోతుంది. చిక్కంతా ద్వారాల దగ్గరే ఉంది. బుగ్గ గది అన్నింటిలోకీ పెద్దది, కానీ దాని ద్వారం అడుగున కాక పైకప్పు దగ్గర ఉంటుంది. తూము గట్టు మీదున్న చెరువు అనుకోవచ్చు. నిలబడి ఉన్న మనిషిలో ఆ గదిని ఖాళీ చేసేది నూగు బలమే తప్ప వాలు కాదు. జలుబు వైరస్ ఆ నూగును పడుకోబెట్టినా, ఎలర్జీ వల్ల ద్వారం చుట్టూ పొర ఉబ్బినా లోపలి స్రావం నిలిచిపోతుంది, గాలి ఆడదు.

జలుబు రోజుల్ని వరసగా చూస్తే చాలా అపోహలు తీరుతాయి. మొదటి రోజు గొంతు గరగర, ముక్కులో మంట, తుమ్ములు. ఆ రాత్రికో మర్నాటికో నీళ్లలా కారడం. రెండు, మూడు రోజులకు బాధ ముదురుతుంది. ముక్కు పూర్తిగా బిగిసి, చీమిడి చిక్కబడి పసుపుకో ఆకుపచ్చకో తిరుగుతుంది. ‘రంగు మారింది, ఇన్ఫెక్షన్ పట్టింది’ అని మందుల షాపుకు పరుగెత్తేది ఈ రోజునే. ఆ రంగు ఇచ్చేది బ్యాక్టీరియా కాదు, మన తెల్ల రక్తకణాలే. వైరస్ మీద యుద్ధానికి వచ్చిన కణాల్లో పచ్చని ఛాయ ఉన్న ఎంజైము ఒకటి ఉంటుంది. రాత్రంతా కదలక నిలవ ఉన్న చీమిడి పొద్దున్నే మరింత పచ్చగా కనిపిస్తుంది. మామూలు జలుబులోనూ ఇది జరిగేదే. అయిదు, ఆరు రోజులకు బరువు దిగడం మొదలవుతుంది. వారం పది రోజులకు ముక్కు తెరుచుకుంటుంది. దగ్గు ఇంకొన్నాళ్లు సాగొచ్చు.

1994లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన ఒక చిన్న అధ్యయనం ఈ విషయంలో కళ్లు తెరిపించింది. అప్పుడే జలుబు చేసిన 31 మంది ఆరోగ్యవంతులకు సీటీ స్కాన్ తీస్తే, 27 మందికి బుగ్గ సైనస్‌లలో మార్పులు కనిపించాయి. యాంటీబయాటిక్ లేకుండానే చాలామందిలో అవి రెండు వారాల్లో సర్దుకున్నాయి. అంటే దాదాపు ప్రతి జలుబూ కొంత సైనసైటిసే. జలుబు నడుమ స్కాన్ తీయించుకుని, రిపోర్టులో ఆ పేరు చూసి బెంగపడటంలో అర్థం లేదు.

మరి బ్యాక్టీరియా పట్టిందని ఎప్పుడు అనుమానించాలి? పది రోజులు దాటినా ఏమాత్రం తగ్గకపోతే ఒకటి. ఇంకోటి తగ్గినట్టే తగ్గి తిరగబెట్టడం: అయిదో రోజుకు తేరుకున్న మనిషికి ఆరో రోజో ఏడో రోజో మళ్లీ జ్వరం, చిక్కటి చీమిడి, బుగ్గ మీద పోటు. ఇది చాలా విలువైన గుర్తు, జనం తరచూ చెప్పడం మరిచిపోయే గుర్తు కూడా. మొదటి మూడు, నాలుగు రోజుల్లోనే 102 డిగ్రీల జ్వరంతో, చీములాంటి స్రావంతో, ముఖం పగిలే నొప్పితో వస్తే అదీ లెక్కలోకి వస్తుంది. నొప్పి ఒక పక్కకే ఉండటం, పై దవడ పళ్లు జివ్వుమనడం అనుమానాన్ని పెంచుతాయి. పెద్దవాళ్ల జలుబుల్లో ఇలా బ్యాక్టీరియా దాకా వెళ్లేవి నూటికి రెండుకు మించవని అంచనా. కోక్రేన్ సంస్థ 2018లో పాత ప్రయోగాలన్నీ వడపోసి చూసినప్పుడు, యాంటీబయాటిక్ వాడకపోయినా వారం తిరిగేసరికి దాదాపు సగం మంది కోలుకున్నారని తేలింది. మందు వేసుకున్నవాళ్లకు కలిగిన అదనపు మేలు కొద్దిపాటిదే. విరేచనాలు, దద్దుర్ల లాంటి ఇబ్బందులు మాత్రం వాళ్లకే ఎక్కువ. చీటీ లేకుండా మూడు అజిత్రోమైసిన్ మాత్రలు కొనుక్కునే అలవాటు మన దగ్గర ఎంతగా పాతుకుపోయిందో తెలిసిందే. మందులకు లొంగని క్రిములు పెరుగుతున్న దేశంలో, పదో రోజు దాకా ఓపిక పట్టడం చిన్న విషయం కాదు.

ఎలర్జీ ముక్కు నడక వేరు. దాని తొలి గుర్తు దురద. ముక్కులో, కళ్లలో, అంగిట్లో, ఒక్కోసారి చెవి లోపల కూడా దురద పెడుతుంది. తుమ్ము వస్తే ఒకటితో ఆగదు, వరసగా పది పన్నెండు. కారేది నీళ్లే. జ్వరం ఉండదు. పొద్దున లేవగానే తారస్థాయిలో ఉండి, మధ్యాహ్నానికి నెమ్మదించి, మళ్లీ రాత్రి పరుపు ఎక్కగానే మొదలయ్యే తుమ్ములైతే దుమ్ము పురుగుల మీద అనుమానం పడాలి. ఇవి పరుపుల్లో, దిండ్లలో, దూది బొంతల్లో మన చర్మపు పొట్టు తింటూ బతికే సూక్ష్మ జీవులు. తేమ ఎక్కువగా ఉండే కోస్తా ఇళ్లలో వీటికి కొదవ లేదు.

పిల్లల ముఖం చూసి కొంత చెప్పొచ్చు. ఎలర్జీ ఉన్న పిల్లవాడు అరచేత్తో ముక్కు కొనను కిందినుంచి పైకి తోస్తూ రుద్దుకుంటాడు. నెలల తరబడి అలా చేయగా ముక్కు కొనకు కాస్త పైన అడ్డంగా సన్నని గీత పడుతుంది. కళ్ల కింద నిద్ర లేనట్టు నల్లని నీడ ఉంటుంది. పొడిబారిన పెదాలతో నోరు తెరుచుకుని పడుకుంటాడు. బడిలో ‘ఎప్పుడూ జలుబే’ అనిపించుకునే పిల్లల్లో కొందరిది జలుబే కాదు. అయితే జలుబులే వరసగా వచ్చే పిల్లలూ ఉంటారు. బడి మొదలుపెట్టిన ఏళ్లలో ఏడాదికి ఆరు నుంచి ఎనిమిది సార్లు జలుబు చేయడం మామూలే. ఒకటి పూర్తిగా తగ్గకముందే ఇంకోటి అంటుకుంటే చూసేవాళ్లకు అంతా ఒకే దీర్ఘ వ్యాధిలా కనిపిస్తుంది. మధ్యలో నాలుగు రోజులైనా ముక్కు బాగుందా అని తల్లిని అడిగితే చిక్కుముడి విడిపోతుంది.

పొలం గట్ల మీద, రోడ్ల పక్కన, ఖాళీ స్థలాల్లో తెల్లని చిన్న పూలతో ఏపుగా పెరిగే వయ్యారిభామ పుప్పొడి పేరుమోసిన ఎలర్జీ కారకం. 1950లలో పుణె ప్రాంతంలో గమనించిన ఈ మొక్క కొద్ది దశాబ్దాల్లోనే దేశమంతా పాకింది. సర్కారు తుమ్మ పుప్పొడి కూడా అలాంటిదే. ఏటా ఒకే నెలల్లో ముక్కు రేగుతుంటే ఆ నెలల్లో చుట్టూ ఏం పూస్తోందో చూడాలి. ఏడాదంతా ఒకేలా ఉంటే ఇంటి లోపల వెతకాలి. సెలవు రోజున తగ్గి పనికి వెళ్లగానే పెరుగుతుంటే కారణం పనిచోట ఉంది. గుంటూరు మిర్చి యార్డులో బస్తాలెత్తేవాళ్లకు, పత్తి జిన్నింగు మిల్లుల్లో, బియ్యం మిల్లుల్లో పనిచేసేవాళ్లకు ముక్కు మంట, తుమ్ములు రోజువారీ వ్యవహారమే. దాన్ని వాళ్లు జబ్బుగా కాక పనిలో భాగంగా చూస్తారు. చూడకూడదు. ముక్కులో మొదలైన ఎలర్జీ వాపు ఊపిరితిత్తులకు దిగి ఆయాసంగా మారే ప్రమాదం ఉంది.

మనుషులు తమకు తాము తెచ్చుకునే దిబ్బడ కూడా ఒకటుంది. జైలోమెటాజొలిన్, ఆక్సీమెటాజొలిన్ రకం ముక్కు చుక్కలు వేసుకున్న నిమిషాల్లో ముక్కు తెరుచుకుంటుంది, ప్రాణం లేచొచ్చినట్టుంటుంది. ఆ హాయి కోసం వరసగా వారం, పది రోజులు వేస్తే కథ తిరగబడుతుంది. మందు ప్రభావం దిగగానే పొర మునుపటికంటే ఎక్కువగా ఉబ్బుతుంది. మళ్లీ చుక్కలు, మళ్లీ ఉబ్బు. చొక్కా జేబులో, తలగడ కింద సీసా లేకపోతే నిద్ర పట్టని స్థితి వస్తుంది. అసలు జలుబు ఎప్పుడో పోయి ఉంటుంది. నాలుగైదు రోజులకు మించి ఈ చుక్కలు వాడకూడదని డాక్టర్లు పదేపదే చెప్పేది అందుకే. వింతేమిటంటే, నెలల తరబడి నిర్భయంగా వాడదగ్గ ఫ్లూటికసోన్, మొమెటసోన్ స్ప్రేలంటే ‘అమ్మో, స్టెరాయిడ్’ అని భయపడతారు. ముక్కు పొర మీద పనిచేసే ఈ మందు రక్తంలోకి చేరేది అత్యల్పం. కాకపోతే వెంటనే పనిచేయదు. పూర్తి ఫలితానికి వారం రెండు వారాలు పడుతుంది కాబట్టి రెండు రోజులు కొట్టి పనిచేయలేదని పారేస్తారు.

పన్నెండు వారాలు దాటిందంటే అది దీర్ఘకాలిక సైనసైటిస్ కింద లెక్క. దాని తీరు జనం ఊహించుకునేదానికి భిన్నంగా ఉంటుంది. తలపోటు అందులో ప్రధానం కాదు. ముక్కు ఎప్పుడూ సగం మూసుకునే ఉంటుంది, గొంతు వెనక ఏదో జారుతున్నట్టుండి మాటిమాటికీ సకిలించాల్సి వస్తుంది, పడుకుంటే దగ్గు, పగలంతా అలసట. అన్నిటికంటే ముఖ్యంగా వాసన పోతుంది. అదీ ఒక్కసారిగా కాదు, ఎప్పుడు పోయిందో తెలియకుండా. ఇంగువ తాలింపు పడ్డా, పాలు మాడినా ఇంట్లో మిగతావాళ్లు చెప్తే గానీ తెలియదు. కూరలో రుచి లేదని వంట మీద చిరాకు పడతారు, నిజానికి పోయింది ముక్కు. గ్యాస్ లీకయినా పసిగట్టలేని మనిషి వంటింట్లో ఉండటం ఇంటిల్లిపాదికీ ప్రమాదం. అందుకే కాఫీ పొడి డబ్బా, శొంఠి, కర్పూరం కళ్లు మూసుకుని వాసన చూసి చెప్పగలరో లేదో ఇంట్లోనే గమనించుకోవడం మంచిది.

రెండు ముక్కుల్లోనూ దిబ్బడ, నొప్పి లేకపోవడం, వాసన పోవడం, ఈ మూడూ కలిస్తే మొదట గుర్తుకు రావాల్సింది ముక్కులో కండ పెరగడం, అంటే పాలిప్స్. లేత బూడిద రంగులో, తడిగా నిగనిగలాడుతూ, తాకినా నొప్పి తెలియని ముద్దలవి. ఇవి క్యాన్సర్ కావు. వాపు వల్ల పొర నీరు పట్టి వేలాడటమే. వీళ్లలో చాలామందికి ఆయాసం కూడా ఉంటుంది. వీళ్లలోనే కొందరికి యాస్పిరిన్, ఐబూప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్ర వేసుకున్న గంటా రెండు గంటల్లో ముక్కు బిగిసి, ముఖం కందిపోయి, ఊపిరి అందదు. పాలిప్స్, ఆస్తమా, యాస్పిరిన్ పడకపోవడం, ఈ కలయికకు మాక్స్ శాంటర్ అనే వైద్యుడి పేరు నిలిచిపోయింది. పాలిప్స్ ఉన్నవాళ్లు ఒంటి నొప్పులకు మాత్ర కొనేటప్పుడు ఈ సంగతి మనసులో పెట్టుకోవాలి.

ముక్కు దూలం వంకర గురించి ఒక్క మాట. ఏ వంకరా లేని దూలం ఉన్నవాళ్లే తక్కువ. వంకర కనిపించినంత మాత్రాన అదే కారణమని తీర్మానించి ఆపరేషన్‌కు సిద్ధపడటం తొందరపాటు.

ఇక వైపు సంగతి. ఎలర్జీ, జలుబు, పాలిప్స్ సాధారణంగా రెండు వైపులా ఉంటాయి. బాధంతా ఒకే ముక్కుకు పరిమితమైందంటే ఆగి ఆలోచించాలి. మూడేళ్ల పాపకు ఒక ముక్కులోంచే చెడువాసనతో చీమిడి కారుతుంటే, వేరే రుజువు దొరికేదాకా అందులో ఏదో ఇరుక్కుందనే అనుకోవాలి: చింతగింజ, పూస, శనగబద్ద, రబ్బరు ముక్క. బొమ్మల్లోంచి, రిమోట్లలోంచి ఊడిన గుండ్రటి బటన్ బ్యాటరీ అయితే అది అత్యవసరం. కొన్ని గంటల్లోనే లోపలి కండను కాల్చి దూలానికి చిల్లు పెట్టగలదు. ఇంట్లో పిన్నులతో లాగే ప్రయత్నం చేయకుండా వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లాలి.

పెద్దవాళ్లలో ఒకవైపు కుళ్లు వాసన వస్తే పై దవడ పళ్లను అనుమానించాలి. వెనక దంతాల వేర్లు బుగ్గ సైనస్ నేలకు ఆనుకునే ఉంటాయి, కొందరిలో మధ్య ఉండే ఎముక పొర కాగితమంత పల్చన. 1651లో ఆ గదిని వివరంగా వర్ణించిన ఇంగ్లండు వైద్యుడు నథానియెల్ హైమోర్‌కు అది పట్టుబడటంలోనూ పంటి పాత్ర ఉంది. పై పన్ను తీయించుకున్న ఒక స్త్రీకి ఆ గుంతలోంచి స్రావం ఆగక, ఆమె సన్నని పరికరం లోపలికి పోనిస్తే అది ఎక్కడా అడ్డు తగలక లోతుకు వెళ్లి హడలగొట్టింది. ఇప్పటికీ పుచ్చుపన్ను, సరిగా కుదరని ఇంప్లాంటు మూలంగా వచ్చిన సైనసైటిస్‌కు ముక్కు వైద్యం ఒక్కటే ఎన్ని నెలలు చేసినా తగ్గదు. పంటి డాక్టరు కూడా చూడాలి. ఈ జబ్బులో పన్ను నొప్పి ఉండాలని లేదు కూడా.

ఒకే ముక్కులో దిబ్బడ, అప్పుడప్పుడూ రక్తం చార, బుగ్గ తిమ్మిరి, ఇవి నడివయసు దాటినవాళ్లలో వారాల తరబడి ఉంటే గడ్డ ఏమైనా ఉందేమో తేల్చుకోవాలి. చెరువుల్లో, కుంటల్లో స్నానాలు చేసేవాళ్లలో ఎర్రగా, పైన తెల్లని చుక్కలతో, ముట్టుకుంటే రక్తం కారే కండ పెరిగే రైనోస్పోరిడియోసిస్ దక్షిణ భారతంలో, శ్రీలంకలో ఎక్కువగా కనిపించే జబ్బు. తలకు దెబ్బ తగిలాక, వంగినప్పుడు ఒక ముక్కులోంచి తేటగా, ఉప్పగా నీటి చుక్కలు పడుతుంటే అది జలుబు కాదు. మెదడు చుట్టూ ఉండే ద్రవం కారుతూ ఉండొచ్చు. దాన్ని వదిలేస్తే మెదడు పొరలకు ఇన్ఫెక్షన్ సోకుతుంది.

2021 వేసవిలో దేశానికి తెలిసొచ్చిన పాఠం ఇంకా భయంకరమైనది. కోవిడ్ రెండో దశ నడుమ మ్యూకర్‌మైకోసిస్, జనం నోట బ్లాక్ ఫంగస్, విరుచుకుపడింది. జూన్ నెలాఖరుకు దేశంలో కేసులు 40,000 దాటాయని కేంద్రం లెక్క చెప్పింది. తెలంగాణ ప్రభుత్వం మే నెలలో దాన్ని తప్పనిసరిగా నివేదించాల్సిన వ్యాధుల్లో చేర్చింది. హైదరాబాద్ కోఠి ఈఎన్‌టీ ఆస్పత్రి ఆ రోగులకు ప్రధాన కేంద్రమైంది. ఆంధ్రప్రదేశ్ ఈ చికిత్సను ఆరోగ్యశ్రీలోకి తెచ్చింది. ఆంఫోటెరిసిన్ ఇంజెక్షన్ల కోసం కుటుంబాలు ఊరూరా తిరిగిన రోజులవి. అదుపు తప్పిన షుగరు, దానికి తోడు కోవిడ్ కోసం వాడిన స్టెరాయిడ్లు ఆ ఫంగస్‌కు దారి తెరిచాయి.

దాని తొలి లక్షణాలు ఎంత మామూలుగా ఉంటాయో చూస్తే గుండె జారుతుంది. ఒకవైపు ముక్కు దిబ్బడ, బుగ్గలో నొప్పి, తలపోటు. అంతే. తర్వాత బుగ్గ మొద్దుబారుతుంది. గడ్డం గీసుకుంటుంటే ఆ పక్క స్పర్శ తెలియదు. గట్టిగా ఉండే పై పళ్లు కదులుతాయి. అంగిట్లో నల్లని మచ్చ, ముక్కులోంచి నల్లని చెక్కులు, కనురెప్ప వాలిపోవడం, ఒకటి రెండుగా కనిపించడం. ఈ మెట్లన్నీ కొద్ది రోజుల్లోనే దాటుతుంది. రక్తనాళాల్లోకి చొరబడి కండకు రక్తం అందకుండా చేస్తుంది, అందుకే ఆ నలుపు. కోవిడ్ ఉధృతి పోయినా ఈ జబ్బు పోలేదు. అంతకుముందూ మన దేశంలో ఉంది, షుగరు ఉన్నంతకాలం ఉంటుంది. షుగరు అదుపులో లేనివాళ్లు, క్యాన్సర్ మందులు వాడుతున్నవాళ్లు, అవయవ మార్పిడి జరిగినవాళ్లు ఒకవైపు ముఖం నొప్పిని, తిమ్మిరిని ‘సైనసే కదా’ అని ఆవిరి పట్టుకుంటూ కూర్చోకూడదు. అదే రోజు చూపించుకోవాలి.

మామూలు సైనసైటిస్ కూడా గోడ దాటితే ప్రమాదమే. కళ్ల మధ్య ఉన్న గదులకూ కంటికీ నడుమ అడ్డుగా ఉన్నది పొరలాంటి ఎముక. జలుబుతో ఉన్న పిల్లవాడి కనురెప్ప ఉన్నట్టుండి ఎర్రగా ఉబ్బినా, గుడ్డు ముందుకు పొడుచుకొచ్చినా, కన్ను తిప్పితే నొప్పి పుట్టినా, చూపు మసకబారినా రాత్రనీ పగలనీ చూడకుండా బయల్దేరాలి. నుదుటి మీద మెత్తని వాపు అంతే ప్రమాదకరం. ఆ వాపుకు 18వ శతాబ్దపు ఇంగ్లండు శస్త్రవైద్యుడు పెర్సివల్ పాట్ పేరు పెట్టారు. మెడ బిగుసుకోవడం, విపరీతమైన తలనొప్పితో వాంతులు, మగత కూడా ఈ కోవలోవే. పిల్లల విషయంలో ఇంకో ఆనవాలు గుర్తుంచుకోవాలి. నుదుటి సైనస్ పుట్టుకతో ఉండదు, ఆరేడేళ్లకు గానీ రూపు కట్టదు. కాబట్టి మూడేళ్ల బిడ్డ నుదురు పట్టుకుని ఏడుస్తుంటే కారణం వేరే చోట వెతకాలి. పసివాళ్లు ముఖం నొప్పి చెప్పలేరు. వాళ్ల సైనసైటిస్ చాలాసార్లు రాత్రీ పగలూ తగ్గని దగ్గుగానే బయటపడుతుంది.

ఇంటి వైద్యాల్లో ఆవిరి వల్ల కాసేపు హాయిగా ఉంటుంది. జబ్బును తొందరగా తగ్గిస్తుందనడానికి గట్టి ఆధారం లేదు. మరుగుతున్న గిన్నె మీద పిల్లల్ని వంచి దుప్పటి కప్పడం మాత్రం మానుకోవాలి, గిన్నె ఒలికి ఒళ్లు కాలిన సంఘటనలు తక్కువేం కాదు. ఉప్పునీటితో ముక్కు కడగడం అంతకంటే మేలు. యోగాభ్యాసంలో జలనేతిగా పాతకాలం నుంచీ ఉన్న ఈ పద్ధతిని ఆధునిక మార్గదర్శకాలు దీర్ఘకాలిక సైనసైటిస్‌కు సిఫారసు చేస్తున్నాయి. అర లీటరు నీటికి ముప్పావు టీస్పూను ఉప్పు చాలు. నీరు మాత్రం కాచి చల్లార్చినదై ఉండాలి. 2011లో అమెరికాలోని లూసియానా రాష్ట్రంలో ఇద్దరు కుళాయి నీటితో ముక్కు కడుక్కుని, ఆ నీటిలోని నేగ్లేరియా అనే అమీబా మెదడుకు చేరి చనిపోయారు. కేరళలో 2024లో కుంటల్లో, వాగుల్లో స్నానం చేసిన పిల్లల్ని బలిగొన్నది కూడా ముక్కు ద్వారా చేరే ఈ తరహా అమీబానే. తాగితే ఏమీ చేయదు, ముక్కులోకి ఎక్కితేనే ముప్పు.

డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు పాత ఎక్స్‌రేల కట్ట కంటే ఒక చిన్న కాగితం ఎక్కువ ఉపయోగపడుతుంది. బాధ మొదలైన తేదీ, మధ్యలో తగ్గి తిరగబెట్టిందా, ఏ ముక్కు, వాసన తెలుస్తోందా, దురద ఉందా, ఏ చుక్కలు ఎన్నాళ్లు వాడారు, నొప్పి మాత్రలు పడతాయా, షుగరు ఎంత. సైనస్ ఎక్స్‌రే ఇప్పుడు దాదాపు వాడుకలోంచి తప్పుకుంది, అది చెప్పేది తక్కువ, తప్పుదారి పట్టించేది ఎక్కువ. ముక్కు లోపలికి సన్నని ఎండోస్కోప్ పెట్టి చూస్తే ద్వారం దగ్గర చీము ఉందా, కండ ఉందా అన్నది నిమిషాల్లో తెలుస్తుంది. మొద్దుబార్చే మందు కొట్టి చూస్తారు కాబట్టి పెద్దగా నొప్పి ఉండదు. సీటీ స్కాన్ మామూలు జలుబుకూ, తొలి వారాల సైనసైటిస్‌కూ అక్కర్లేదు. కన్ను, మెదడు దాకా పాకిందన్న అనుమానం ఉంటే వెంటనే తీస్తారు. దీర్ఘకాలిక వ్యాధిలో అయితే కొన్ని వారాలు స్ప్రే, ఉప్పునీటి వైద్యం సక్రమంగా చేశాక తీస్తారు; అప్పటికీ లోపల మిగిలి ఉన్న వాపే ఆపరేషన్ అవసరమా కాదా అన్నది తేలుస్తుంది.